ఆ గడిలో పెట్టిన ఇంటూ

2008 అక్టోబరు రెండో వారం. ఈశాన్య అమెరికాలో ఒక రాష్ట్ర రాజధాని. రాష్ట్రం పేరు చెప్పను, చెబితే మా ఆఫీసు పేరు చెప్పినట్టే అవుతుంది. మూడంతస్తుల ఇటుక భవనంలో రెండో అంతస్తులో పదకొండు మందిమి కూర్చునేవాళ్లం. మా పని లాయర్ల లెక్కలు చూడటం. వాళ్లు కోర్టులో ఏం వాదించారో, గెలిచారో ఓడారో మాకు అక్కర్లేదు. క్లయింటు డబ్బు లాయరు చేతికి వచ్చాక ఏ బ్యాంకులో, ఎవరి పేరు మీద, ఎంతకాలం ఉందన్నదే మాకు కావాలి.

ఆ డబ్బు ఉండవలసిన చోటును ట్రస్ట్ అకౌంట్ అంటారు. ఇల్లు కొనేవాళ్లు ఇచ్చిన అడ్వాన్సు, యాక్సిడెంట్ కేసులో వచ్చిన పరిహారం, ఇలా లాయరు చేతిలో ఉన్నా లాయరుది కాని డబ్బంతా అందులో ఉండాలి. లాయరు తన సొంత డబ్బును దానితో కలపకూడదు. నెల నెలా మూడు లెక్కలు ఒకటిగా తేలాలి: బ్యాంకు చెప్పే మొత్తం, లాయరు పుస్తకంలోని మొత్తం, ఒక్కో క్లయింటు పేరున ఉన్నవి కూడితే వచ్చే మొత్తం. దీన్ని రికన్సిలియేషన్ అంటారు. ఆ మాటకు ఇంగ్లీషులో రాజీ అనే అర్థం కూడా ఉంది గానీ, మా లెక్కల్లో రాజీ ఉండదు. తేలితే తేలినట్టు, లేకపోతే ఆ లాయరు మునిగినట్టు.

నేను తెనాలిలో బీకాం చదివి, మావారి వెంట ఇక్కడికొచ్చి, పిల్ల స్కూల్లో చేరాక మళ్లీ పరీక్షలు రాసి ఈ ఉద్యోగంలో చేరాను. పేరు రాజ్యలక్ష్మి. ఆఫీసులో రాజ్ అంటారు. రాజ్యమూ పోయింది, లక్ష్మీ పోయింది, రాజ్ మిగిలింది. అదైనా మిగిలిందని సరిపెట్టుకున్నాను. నమ్మకం మీద అప్పగించిన డబ్బును ఎవరినీ నమ్మకుండా చూడటమే నా పని. నమ్మకానికీ అమ్మకానికీ మధ్య తేడా ఒక్క అక్షరమేనని కొత్తవాళ్లకు చెబుతుంటాను. తెలుగు రానివాళ్లకు ఈ చమత్కారం విడమర్చి చెప్పేసరికి టీ చల్లారిపోతుంది.

ఆ మంగళవారం పొద్దున్న రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకావిడ ఉత్తరం పట్టుకుని వచ్చిందట, వెళ్లనంటోందట. బయటికి వెళ్లి చూశాను. ముప్పై ఏళ్లుంటాయి. ఏడో నెల గర్భిణి. కుర్చీలో కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. అది మా ఆఫీసు ఉత్తరమే. "మీ ఫిర్యాదుకు సంబంధించిన సొమ్ము చెల్లింపు జరిగిపోయినందుకు సంతోషిస్తున్నాము. ఫైలు మూసివేస్తున్నాము" అన్నది దాని సారాంశం.

"మేడమ్, ఐ డిడ్ నాట్ గెట్ ఎనీ మనీ," అంది. నా మెడలోని బ్యాడ్జి మీద పూర్తి పేరు చదివి, "మీరు తెలుగా?" అంది.

"అవునమ్మా."

"అయితే మీరన్నా చెప్పండి ఆంటీ. ముప్పై ఎనిమిది వేల డాలర్లు ఆ లాయర్ దగ్గరున్నయి. రాలేదు అని కంప్లెయింట్ ఇస్తే, వచ్చినయి సంతోషం అని లెటర్ పంపిన్రు. ఎవరికి సంతోషం?"

ఆఫీసులో ఆంటీ అనొద్దని చెబుదామనుకున్నాను. ఆ మొహం చూశాక అనలేకపోయాను.

ఆమె పేరు హరిత. కరీంనగర్ అమ్మాయి. ఒక మందుల కంపెనీ ల్యాబులో అనలిస్టు. భర్త ఐటీ కన్సల్టెంటు, వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉండడు. ఉండేది లిఫ్టు లేని అపార్టుమెంటులో మూడో అంతస్తు. పురుడు వచ్చేలోగా కింద వంటిల్లు, దాని కిటికీకి వెనక కాస్త గడ్డి ఉన్న చిన్న ఇల్లు ఒకటి మాట్లాడుకున్నారు. అపార్టుమెంటుకు నోటీసు ఇచ్చేశారు, నెలాఖరుకు ఖాళీ చేయాలి. కొనుగోలు చూస్తున్న లాయరు దగ్గర అడ్వాన్సు ఉంది. ఇల్లమ్మేవాళ్లూ అందుకు ఒప్పుకున్నారు. సంతకాల రోజున ఆ డబ్బు వాళ్లకు అందాలి. లాయరు మూడుసార్లు తేదీ వాయిదా వేశాడు. నవంబరు మూడు దాటితే ఇంకొకళ్లకు అమ్మేస్తామని ఇంటివాళ్లు ఉత్తరం రాశారు.

నేను ఆమె ఫిర్యాదు ఫారం తెప్పించాను. అందులో ఒక చిన్న గడి, పక్కన "సొమ్ము చెల్లింపు జరిగింది" అని ఒక వాక్యం. ఆ గడిలో హరిత శుభ్రంగా ఇంటూ పెట్టింది.

నవ్వు ఆపుకోలేకపోయాను. "ఇంటూ ఎందుకు పెట్టావమ్మా?"

"రాలేదు కదా. రాలేదంటే ఇంటూనే కదా పెట్టేది."

"మనకు అంతే. టిక్కు పెడితే రైటు, ఇంటూ పెడితే తప్పు. ఇక్కడ గడిలో ఏ గుర్తు పెట్టినా అవునన్నట్టే. ఇక్కడ ఇంటూ అంటే అవును అమ్మా."

ఆమె తెల్లబోయింది. ఆమెను తేలికపరుద్దామని నా సొంత గొప్ప ఒకటి చెప్పాను. 2003లో మా అమ్మాయి స్కూల్లో ఎలర్జీల ఫారం ఇచ్చారు. వేరుశనగ ఎదురుగా ఉన్న గడిలో, అలాంటిదేం లేదని ఇంటూ పెట్టాను. నాలుగు నెలలపాటు మా పిల్లను భోజనాల దగ్గర విడిగా ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. మా ఇంట్లో వారానికి మూడు రోజులు పల్లీ చట్నీ. "అమ్మా, నాకు పల్లీలు డేంజరటగా" అని అది అడిగినప్పుడు గానీ నాకు తెలియలేదు. హరిత ఒక్క క్షణం నవ్వింది. నేనూ నవ్వాను. ఆ కథ నన్ను ఎక్కడికి తీసుకుపోబోతోందో అప్పుడు నాకు తెలియదు.

మా పై అధికారి లిండా దగ్గరికి వెళ్లి, హరితదీ నాదీ ఒకే భాష, చుట్టరికమేం లేదు, నేను ఈ కేసు చూడవచ్చా అని అడిగాను. "ఒకే భాష మాట్లాడేవాళ్ల కేసు చూడకూడదంటే నేనిక్కడ ఒక్క కేసు కూడా చూడలేను," అంది లిండా. ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

లాయరును పెల్‌మన్ అనుకుందాం. అసలు పేరు అది కాదు. అరవై రెండేళ్లు. మా ఆఫీసుకు గంట దూరంలోని చిన్న పట్టణం. కంప్యూటర్లో అతని పేరు కొట్టగానే స్క్రీను మీద ఒకే ఒక్క మాట వచ్చింది: ఎగ్జెంప్ట్. అంటే మినహాయింపు. కారణం: స్థానిక ప్రభుత్వ పదవి.

ఈ మినహాయింపు గురించి రెండు మాటలు చెప్పాలి. మా రాష్ట్రంలో పట్టణానికీ కౌంటీకీ ప్రభుత్వ లాయర్లుంటారు. వాళ్లు పదవిలో ఉండి ముట్టుకునేది పట్టణం డబ్బు. దానికి పట్టణం ఆడిటర్లు వేరే ఉన్నారు. ఒకే డబ్బును ఇద్దరు లెక్కపెట్టడం దేనికని, అలాంటి లాయర్లకు ట్రస్ట్ అకౌంట్ నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఆ పదవి తప్ప వేరే ప్రాక్టీసు లేనివాళ్లకే అది వర్తిస్తుంది. పొద్దున పట్టణం పని, సాయంత్రం సొంత క్లయింట్ల పని చేసేవాళ్లకు వర్తించదు. పెల్‌మన్ వారానికి రెండు రోజులే పట్టణం లాయరు. మిగతా మూడు రోజులూ ఇళ్ల అమ్మకాలు, వీలునామాలు. అతనికి మినహాయింపు ఎలా వచ్చిందో అర్థం కాలేదు. ఎవరో గుడ్డివాళ్లు చూసి ఉంటారు అనుకున్నాను. ఆ మాట పక్క సీటు అతనితో పైకే అన్నాను కూడా.

గురువారం ఆ పట్టణానికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. పెల్‌మన్ ఆఫీసు టౌన్ హాలులోనే ఉంది. ఒకే గుమ్మం, ఎడమ వైపు పన్నులు కట్టే కిటికీ, కుడి వైపు అతని గది. సొంత క్లయింట్లూ అక్కడికే వస్తారు. హరిత దంపతులు ఎందుకు నమ్మారో ఆ గుమ్మంలో నిలబడితే తెలిసింది. "గవర్నమెంట్ ప్లీడర్ అంటే మా బాపు గూడ ఫోన్ల మంచిగున్నది, ధైర్యంగ ఇయ్యమన్నడు ఆంటీ," అని ఆమె చెప్పింది. మనవైపు గవర్నమెంట్ ప్లీడరంటే ఊళ్లో జడ్జిగారి తరవాత జడ్జిగారంతటివాడు. ఆ మర్యాదంతా సముద్రం దాటి వచ్చి, గోడ మీద జెండా ఉన్న ఈ గదిలో కూర్చుంది.

ముందు పట్టణం క్లర్కు డోరీన్‌ను కలిశాను. ఇరవై ఏళ్లుగా అక్కడే పని చేస్తున్న మనిషి.

"పెల్‌మన్ వాడే ఖాతా మీ ఆడిటర్లు చూస్తారా?"

"చూడరు. అది లాయర్ల ఖాతా. దానికి మీరున్నారుగా."

"మేం చూడం. ఆయన మీ మనిషని మినహాయింపు ఉంది."

డోరీన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ఎవరు చూస్తున్నారు?"

ఒక ఇంటికి ఇద్దరు కాపలావాళ్లుండి, రెండోవాడు మేలుకునే ఉంటాడులే అని ఇద్దరూ నిద్రపోయినట్టుంది వ్యవహారం.

పెల్‌మన్ లేచి నిలబడి కరచాలనం చేశాడు. పిప్పరమెంటు బిళ్లల గిన్నె ముందుకు తోశాడు. ఖాతా కాగితాలు అడిగితే ఏ అభ్యంతరమూ చెప్పకుండా రెండు అట్టపెట్టెలు తెచ్చి ముందు పెట్టాడు. అదే నన్ను ముందు భయపెట్టింది. దాచేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లతో నాకు అలవాటుంది. దాచవలసింది ఉందని కూడా తెలియనివాళ్లతో లేదు.

ఖాతా పేరు "బరో అటార్నీ అకౌంట్", అంటే పట్టణ లాయరు ఖాతా. దాన్ని తెరిచింది పట్టణం కాదు, అతనే. పట్టణంలో రోడ్లు తవ్వే కాంట్రాక్టర్లు కట్టిన డిపాజిట్లు అందులోనే. ఇళ్లు కొనేవాళ్ల అడ్వాన్సులు అందులోనే. అతని ఫీజులు అందులోనే. గది కరెంటు బిల్లు, సెక్రెటరీ జీతం, చెరువు పక్క క్యాబిన్‌కు కొత్త కప్పు, అన్నీ అందులోంచే. మన భాషలో దీనికి చక్కటి మాట ఉంది, కలగూరగంప. ఎవరి కూర ఎంతో తూచిన పుస్తకం ఒక్కటి కూడా లేదు. 2002 తరవాత ఒక్క నెల కూడా రికన్సిలియేషన్ చేయలేదు.

నాలుగు గంటలు కూర్చుని చేతనైనంత కూడాను. ఆ రోజు ఆ ఖాతాలో ఇతరులకు ఇవ్వవలసింది సుమారు రెండు లక్షల పది వేలు ఉండాలి. ఉన్నది తొంభై ఆరు వేలు.

"మిస్టర్ పెల్‌మన్, ఇందులో సగం కూడా లేదు."

"వస్తూ పోతూ ఉంటాయి. ఎవరి డబ్బు వాళ్లకు ఎప్పుడూ అందింది," అన్నాడు. అతని గొంతు మాత్రం ఆ మాటను నమ్మలేదు.

"2002 దాకా పుస్తకాలు శుభ్రంగా రాశారు. నేను చూశాను. ఎందుకు మానేశారు?"

అతను వింతగా చూశాడు. "మీరే మానేయమన్నారుగా. ఆ సంవత్సరం పట్టణం పదవి వచ్చింది. నాకు సొంత క్లయింట్లు కూడా ఉన్నారు, ఈ నిబంధనలు నాకు వర్తిస్తాయా అని ఫారంలో స్పష్టంగా రాసి అడిగాను. మీ ఆఫీసు జవాబిచ్చింది. అదిగో."

గోడ మీద, అతని డిగ్రీ పక్కన, చిన్న నల్ల ఫ్రేములో ఒక కాగితం వేలాడుతోంది. అది మా రివ్యూ షీటు. లాయరు నింపిన ఫారం చూసి ఎగ్జామినరు తేల్చి పంపే ఒక పేజీ. "నా స్వాతంత్ర్య పత్రం అనేవాడిని సరదాకి," అన్నాడు పెల్‌మన్. దగ్గరికి వెళ్లాను. "ఎగ్జెంప్ట్" అన్న మాట ముందు గడి. గడిలో ఇంటూ. కుడి గీత కొస కాస్త కిందికి వంగి తోకలా ఉంది. కింద చూసిన అధికారి పొడి అక్షరాలు: ఆర్.ఎల్.

ఆ తోక నాకు తెలుసు. తెనాలిలో లెక్కల మాస్టారు నా నోట్సులో పెట్టిన ఇంటూలకు అలాంటి తోకే ఉండేది. ఆయన ఆస్తి మొత్తంలో నాకు సంక్రమించింది అదొక్కటే.

2002 సెప్టెంబరులో నేను ఉద్యోగంలో చేరాను. మొదటి రెండు వారాలూ నాకిచ్చిన పని, పట్టణాల్లో, కౌంటీల్లో పదవులున్న లాయర్ల ఫారాలు చూసి మినహాయింపు ఉందో లేదో తేల్చడం. బుద్ధిగా ఒక్కొక్కటీ చదివాను. అర్హులకు టిక్కు. అర్హత లేనివాళ్లకు ఇంటూ. పెల్‌మన్ ఫారం చదివి, సొంత ప్రాక్టీసు ఉంది, వర్తించదు, అని సరిగ్గానే తేల్చాను. నా నిర్ణయం రైటు. నా ఇంటూ తప్పు. తప్పు అని పెట్టిన గుర్తే తప్పయి కూర్చుంది.

గోడ పట్టుకుని నిలబడ్డాను. "మీకు ఒంట్లో బాగానే ఉందా?" అని పెల్‌మన్ మంచినీళ్లు తెచ్చాడు. తాగాను. ఎవరి డబ్బుతో కొన్న గ్లాసో అనిపించింది, ఆ స్థితిలో కూడా. ఆ కాగితాన్ని ఫ్రేముతో సహా తీసుకుని రసీదు రాసిచ్చాను.

కారులో కూర్చుని తాళం తిప్పకుండా మావారికి ఫోన్ చేశాను. ఆయన పేరు మూర్తి, కాలేజీలో లెక్కలు చెబుతారు.

అంతా విని, "ఆ ఆర్.ఎల్. నువ్వేనని ఆయనకు తెలుసా?" అన్నారు.

"తెలియదు. అందరికీ నేను రాజ్‌ని."

"లిండాకి?"

"ఆమె వచ్చింది 2005లో."

"మరి ఎవరికి తెలుసు?"

"మీకు."

"నాకు చెప్పకుండా ఉండాల్సింది," అన్నారాయన. మళ్లీ ఆయనే, "చెప్పకపోతే నీకు అన్నం సయించదు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. వెళ్లి చెప్పు. ఉద్యోగం పోతే పల్లీ చట్నీ అమ్ముకుందాం," అన్నారు.

శుక్రవారం పొద్దున్నే లిండా గదికి వెళ్లి ఫ్రేమును బల్ల మీద పెట్టాను. ఆమెకు ముందు అర్థం కాలేదు. "ఎగ్జెంప్ట్ గడిలో ఎక్స్ ఉంది. మనవాళ్లెవరో పొరబడ్డారు," అంది.

"పొరబడలేదు. వాళ్లు మినహాయింపు లేదనే రాశారు. అది ఎక్స్ కాదు."

"మరేమిటి?"

"ఇంటూ."

తెల్ల కాగితం తీసుకుని ఒక టిక్కు, ఒక ఇంటూ గీసి, మా ఊళ్లో బడిపిల్లలకు ఏది సంతోషమో ఏది ఏడుపో, మా అమ్మాయి స్కూలు ఫారం కథతో సహా చెప్పాను. లిండా రెండు గుర్తులనూ మార్చి మార్చి చూసింది. ఆమె మొహం నెమ్మదిగా పాలిపోవడం నేను చూశాను. అప్పుడామె అడిగిన ప్రశ్న నాకు రాత్రంతా తట్టనిది.

"రాజ్, ఆ రెండు వారాల్లో నువ్వు ఎన్ని ఫారాలు చూశావు?"

అరవై మూడు.

పాత పెట్టెలు తెప్పించి ఇద్దరం నేల మీద కూర్చుని తీశాం. షీట్లను కంప్యూటర్లో ఎక్కించే అమ్మాయి, గడిలో ఏ గుర్తున్నా మినహాయింపు అనే కొట్టింది. ఆమె తప్పేం లేదు, ఇక్కడి పద్ధతి అదే. లేదనుకుంటే గడి ఖాళీగా వదలాలి. నేను ఒక్క గడి కూడా ఖాళీగా వదలలేదు. టిక్కు పడినవాళ్లూ, ఇంటూ పడినవాళ్లూ, అరవై ముగ్గురూ నా చేతి మీదుగా ముక్కోటి ఏకాదశినాడు ఉత్తర ద్వారంలోంచి దాటినట్టు దాటిపోయారు. ఆరేళ్లపాటు మేం వాళ్ల వైపు కన్నెత్తి చూడలేదు. బళ్లో ఇంటూ అంటే హెచ్చవేత కూడా. నాది ఆ పని కూడా చేసింది.

"స్కూలు ఫారం విషయం 2003లోనే తెలిసింది కదా. అప్పుడు ఇది గుర్తు రాలేదా?" అంది లిండా. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

గుర్తు రాలేదు. ఇంట్లో ఇంటూ గురించి ఎన్ని విందుల్లో చెప్పి నవ్వించానో లెక్కలేదు. ఆఫీసు ఇంటూ ఒక్కసారి కూడా తలపుకు రాలేదు. అందరి పుస్తకాలూ తిరగేయడం నేర్చినదాన్ని నా పేజీ ఒక్కటి తిప్పలేదు.

ఇక హరిత డబ్బు. ఇక్కడే నేను చేయవలసిన పని నా చేతులకు అడ్డం వచ్చింది. ఖాతాలో సగం లేనప్పుడు మా నియమం ఒక్కటే, కోర్టుకు వెళ్లి ఖాతాను స్తంభింపజేయాలి. లేకపోతే ముందు అడిగినవాళ్లకు మొత్తం అందుతుంది, వెనకబడినవాళ్లకు ఏమీ మిగలదు. స్తంభిస్తే నవంబరు మూడుకు హరితకు డబ్బు రాదు, ఇల్లు పోతుంది. సోమవారం దాకా ఆగితే ఆమె ఒక్కదానికి చెక్కు రాయించవచ్చు. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. కానీ ఆ పెట్టెల్లో ఇంకో ఎనిమిది కుటుంబాల పేర్లున్నాయి. వాళ్లెవరూ నన్ను ఆంటీ అనలేదు, అంతే తేడా. మధ్యాహ్నానికి స్తంభన దరఖాస్తు మీద నేనే సంతకం చేశాను. ఈసారి పూర్తి పేరు రాశాను.

ఫోన్లో చెప్పినప్పుడు హరిత ఏడవలేదు. "అయితే ఇల్లు పోయినట్టేనా ఆంటీ?" అంది. ఇంటివాళ్లను ఇంకో నెల ఆగమని అడుగుతూ మా ఆఫీసు తరఫున ఉత్తరం రాశాం. వాళ్లు పది రోజులు ఆగారు, తరవాత వేరేవాళ్లకు అమ్మారు. అపార్టుమెంటువాళ్లు అద్దె పెంచి నెల నెలకూ ఉండనిచ్చారు. డిసెంబరులో ఆ మూడో అంతస్తుకే పాపతో ఎక్కింది.

లాయర్లంతా ఏటా కొంత కట్టి నడిపే నిధి ఒకటి ఉంది. లాయరు చేతిలో డబ్బు పోయిన క్లయింట్లకు అందులోంచి ఇస్తారు, కాని నెలలు పడుతుంది. దాని దరఖాస్తు మీద సంతకం చేయడానికి హరిత జనవరిలో పాపను కార్ సీటులో మోసుకుంటూ వచ్చింది. ఆ రోజు చెప్పాలనుకున్నాను. చెప్పాను. ఫ్రేము తెచ్చి చూపించి, ఆ అక్షరాలు నావేనన్నాను.

ఆమె చాలాసేపు ఆ గడి వైపే చూసింది.

"ఇక్కడ ఇంటూ అంటే అవును అని మీరే చెప్పిన్రు కదా ఆంటీ నాకు," అంది. నవ్వలేదు.

"అవునమ్మా."

"అంటే మా ఇల్లు పోయింది మీ ఇంటూతోనా?"

"కొంత."

"కొంత అంటే ఎంత?"

జీవితమంతా ఎవరికి ఎంత అని తేల్చినదాన్ని. దానికి జవాబు చెప్పలేకపోయాను. ఖాళీగా వదలవలసిన గడి అని ఆ ఒక్కసారి తెలిసింది. పాప కదిలింది. హరిత ఒక చేత్తో సీటు ఊపుతూ ఇంకో చేత్తో దరఖాస్తు నింపింది. ప్రతి గడిలోనూ గుర్తేమీ పెట్టకుండా యెస్, నో అని పూర్తి అక్షరాలతో రాసింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మీరు చెప్పకపోతే నాకు తెల్వకపోవు," అంది. అది మెప్పో, నిష్ఠూరమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఏడు నెలలకు డబ్బు మొత్తం వచ్చింది. ఇళ్ల ధరలు అప్పటికి బాగా పడిపోయాయి. ఇంకో ఇల్లు తక్కువకే దొరికింది. "దీంట్ల వంటింటి కిటికీ వెనక్కి లేదు," అని మాత్రం చెప్పింది.

పెల్‌మన్ పదవి వదిలేశాడు. లైసెన్సు సస్పెండ్ అయింది. చెరువు పక్క క్యాబిన్ అమ్మి కొంత కట్టాడు. మా ఆఫీసు తప్పు చెప్పిందన్న మాటను విచారణలో లెక్కలోకి తీసుకున్నారు, కాని కాగితంలో ఏమున్నా ఇంకొకరి డబ్బుతో ఇంటి కప్పు వేయించకూడదని లాయరుకు తెలిసి ఉండాలన్నారు. అది న్యాయమే. నా ఫైలులో ఒక మందలింపు ఉత్తరం చేరింది. అదీ న్యాయమే.

మిగిలిన అరవై ఇద్దరినీ మళ్లీ చూసే పని లిండా నాకే ఇచ్చింది. అసలు దిగ్భ్రాంతి నాకు అక్కడ కలిగింది. వాళ్లలో ఇరవై ఒక్కమందికి సొంత ప్రాక్టీసు ఉంది. వాళ్లందరికీ, మీరు లెక్కలు రాయనక్కర్లేదని ఆరేళ్ల కింద నేను కాగితం పంపాను. పద్దెనిమిది మంది నెల నెలా రాస్తూనే ఉన్నారు. ఒక ముసలి లాయరమ్మ తన పుస్తకాలు బల్ల మీద పేర్చి, "మీరు అక్కర్లేదన్నారు. డబ్బు అనలేదు," అంది. ముగ్గురు బద్ధకించారు గాని ఎవరి డబ్బూ పోలేదు. ఎవరూ చూడని ఆరేళ్లలో వాళ్లు ఏం చేశారో చూశాక, పెల్‌మన్ మీద నాకు మిగిలిన కాస్త జాలీ తగ్గింది, నా మీద ఉన్నది కూడా.

మినహాయింపు అన్న మాట మధ్యలో హాయి ఉంది. అందరూ దాన్నే చూస్తారు, నేనూ అంతే. కాని ఆ మినహాయింపు ఇచ్చింది మనిషికి కాదు, కుర్చీకి కాదు, ఒక రకం డబ్బుకు. జేబు మారితే అది చెల్లదు. టౌన్ హాలు గుమ్మంలో కుడికి తిరిగితే ఒక రకం, ఎడమకు తిరిగితే ఒక రకం. ఆ తేడా చూడవలసినవాళ్లం, ఎవరో చూస్తున్నారులే అనుకున్నాం. ఇప్పుడు మా ఫారాల్లో గడులు లేవు. యెస్ గాని నో గాని అక్షరాలతో రాయాలి. ఆ మార్పు కోరుతూ నేను రాసిన నోట్‌లో హరిత పేరు రాయలేదు, కాని ఆలోచన ఆమెది.

కేసు మూసేశాక సాక్ష్యాలను నాశనం చేస్తారు. ఆ ఫ్రేమును మాత్రం లిండాను అడిగి తీసుకున్నాను. నా బల్ల ఎదురుగా గోడకు ఉంది. కొత్తగా చేరిన ఎగ్జామినర్లు దాన్ని చూసి, ఈ మినహాయింపు ఎవరిది అని అడుగుతారు.

"నాది. రద్దయింది," అంటాను.